చేతికీ గేరుకూ మధ్య

(రేడియో ప్రసంగ పాఠము)

ఈ దినము ఒక పాత కారును గూర్చి, అందులోని ఒక అల్పమైన వస్తువును గూర్చి మీతో మాట్లాడగోరుచున్నాను. మాకు కారు లేదు గదా అని రేడియో కట్టివేయకండి. ఈ మాట కారుతో ముగిసిపోదు.

జర్మనీ దేశపు ష్టుట్‌గార్ట్ పట్టణంలో పోర్షె అనే కార్ల కంపెనీ ఉంది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో ఆ కంపెనీవారు ఒక స్పోర్ట్స్ కారును లోకానికి చూపించారు. మొదట దాని పేరు 901. మధ్యలో సున్నా ఉండే మూడంకెల పేర్ల విషయమై ఫ్రాన్సు దేశపు పూజో కంపెనీ అభ్యంతరం చెప్పగా, 1964లో దానిని 911 అని మార్చారు. ఆనాటి కార్లను అపురూపంగా కాపాడుకొనేవారు నేటికీ అనేకులున్నారు.

ఈ కారులో ఒక విశేషముంది. దాని ఇంజను వెనుక ఉంటుంది, గేర్‌బాక్సు కూడా వెనుకనే ఉంటుంది. నడిపేవాని చేతిలోని గేర్ రాడ్ మాత్రం ముందు ఉంటుంది. మరి ముందున్న చేతి మాట వెనుకనున్న గేరుకు ఎలా చేరుతుంది? కారు మధ్యలో, నేల క్రింద, ఒక పొడవైన కడ్డీ సాగిపోతుంది. గేర్ రాడ్ అడుగున ఒక గుండు ఉంటుంది. అది ప్లాస్టిక్ గిన్నె వంటి బుష్‌లో కూర్చుంటుంది. దారిలో ఆ కడ్డీని పట్టి నిలిపే బుష్ మరొకటి. వెనుక గేర్‌బాక్సుతో కలిసే చోట ఒక కప్లింగు, అందులో ఒక పిన్ను, ఆ పిన్ను చుట్టూ చిన్న ప్లాస్టిక్ బుష్‌లు.

ఇనుముల మధ్య ప్లాస్టిక్ ఎందుకు పెట్టారు? ఇనుము ఇనుముతో నేరుగా రాసుకుంటే రెండూ అరుగుతాయి, మ్రోగుతాయి, ఇంజను అదురు అంతా చేతికి ఎక్కుతుంది. అందుకని బుష్ మధ్యలో నిలబడి ఆ రాపిడిని తానే భరిస్తుంది. విలువైన ఇనుము అరగకుండా, విలువలేని తాను అరిగిపోతుంది. దాని పని అదే.

అయితే ప్రియులారా, అరిగే వస్తువుకు ఒక దినము వస్తుంది. ఏళ్ల వేడికి ఆ ప్లాస్టిక్ ఎండిపోయి, పగిలి, ముక్కలుగా రాలిపోతుంది. అడుగున ఒక్క మిల్లీమీటరు ఆట ఏర్పడితే, పైన పిడి దగ్గర అది అనేక మిల్లీమీటర్లవుతుంది. న్యూట్రల్‌లో ఉన్నా గేర్ రాడ్ అటూ ఇటూ ఊగులాడుతుంది. మొదటి గేరు ఎక్కడుందో వెదకాలి. మూడు నుండి నాలుగుకు లాగితే రెండు పడవచ్చు. వేగంగా పోయే కారులో రెండవ గేరు పడిందంటే, చక్రాలే ఇంజనును దాని శక్తికి మించి త్రిప్పివేస్తాయి; ఇంజను పాడైపోవచ్చును.

అప్పుడు యజమాని ఏమి చేస్తాడు? రెండు పనులలో ఒకటి చేస్తాడు. మొదటిది, బలవంతం. గట్టిగా తోస్తాడు, గట్టిగా లాగుతాడు. 1972 మోడల్ నుండి 1986 మోడల్ వరకు ఈ కార్లలో వచ్చిన 915 అనే గేర్‌బాక్సు తొందరను సహించదు. దానిలోని సింక్రో రింగులు నెమ్మదైన చేతిని కోరుకుంటాయి. బలవంతం చేసేకొద్దీ, అంతవరకు బాగున్న రింగులు కూడా అరిగిపోతాయి. రెండవది, తీర్పు. గేర్‌బాక్సు పోయింది అంటాడు. దానిని దింపించి, విప్పించి, ఎంతో సొమ్ము పోస్తాడు. మరల బిగించి నడిపితే అదే ఊగులాట! ఎందుకు? తప్పు గేర్‌బాక్సులో లేదు. చేతికీ గేరుకూ మధ్యనున్న బుష్‌లో ఉంది.

వివేకముగల మెకానిక్ ఏమి చేస్తాడో గమనించండి. గేర్‌బాక్సు జోలికి పోకముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనుక సీట్ల మధ్యనున్న మూత తీసి కప్లింగును చూస్తాడు. ఒకరిని ముందు కూర్చోబెట్టి గేర్ రాడ్ కదపమంటాడు. ఇక్కడ కడ్డీ కదిలి అక్కడ గేర్‌బాక్సు కదలకపోతే, మధ్యలో ఆట ఉన్నట్టే. కడ్డీ ఉన్న స్థానానికి గుర్తు పెట్టుకొని, కప్లింగు విప్పి, పిన్ను తట్టి తీస్తాడు. పాత బుష్ ముక్కలన్నీ ఏరి, మడ్డి తుడిచి, కొత్తవి కొద్దిపాటి గ్రీజుతో కూర్చుతాడు. ముందున్న గిన్నె బుష్‌ను కూడా మార్చుతాడు, ఎందుకంటే ఒక చివర మార్చి మరొక చివర వదిలితే సగము ఆట మిగిలిపోతుంది. కప్లింగు మరను ఊడిపోకుండా భద్రపరుస్తాడు. అది వదులైతే గేర్ రాడ్ కదులుతుంది గాని ఏ గేరూ పడదు. చివరకు ఆ మోడల్ పుస్తకములో చెప్పినట్టు కడ్డీని సరిచేసి, ఇంజను ఆపివుండగా ప్రతి గేరూ వేసి చూచి, ఆ తరువాతనే రోడ్డెక్కుతాడు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. బుష్‌లు మార్చి, క్లచ్ సరిచేసి, లింకేజీ సరిచేసిన తరువాత కూడా ఒకే గేరు దగ్గర గరగరమని శబ్దం వస్తే, అప్పుడు సింక్రో అరిగినట్టే అనుకోవాలి. దానిని విప్పక తప్పదు. బుష్ అన్నిటికీ మందు కాదు. కాని మొదట చూడవలసినది అదే.

సహోదరీ సహోదరులారా, ఇప్పుడు మన ఇండ్లలోనికి వద్దాము. తండ్రి ఒకటి చెబుతాడు, కుమారునికి మరొకటి వినబడుతుంది. భార్య ప్రేమతో అడుగుతుంది, భర్తకు అది నిందగా తోస్తుంది. వెంటనే మనము బలవంతం చేస్తాము, గొంతు పెంచుతాము. లేదా తీర్పు తీర్చుతాము: వీని హృదయమే పాడైపోయింది, వీడిక మారడు అంటాము. అయ్యా, అమ్మా, హృదయమును విప్పకముందు మధ్యనున్నదానిని చూచితిరా? కలిసి కూర్చుని భోంచేయుట, ఎదుటివాని మాట పూర్తిగా వినుట, క్షమించుమని అడుగుట, ఒక మంచి మాట పలుకుట: ఇవే మన మధ్యనున్న బుష్‌లు. చిన్నవి, చవకైనవి. అవి అరిగితే మంచి హృదయములు కూడా ఒకదానికొకటి అందవు.

రెండు చివరలూ మార్చాలని మరువకండి. నీ పిల్లవాడు మాత్రమే మారాలి అంటే సగము ఆట మిగిలే ఉంటుంది. సంఘములో కాపరి మాత్రమే మారాలి, లేదా విశ్వాసులు మాత్రమే మారాలి అన్నా అంతే.

ఈ రాత్రి మీ ఇంట ఎవరితో మాట కుదరడము లేదో, వారిని గూర్చి తీర్పు చెప్పకముందు వారి ప్రక్కన కూర్చుండండి. చేయి నెమ్మదిగా చాపండి. పరలోకమునకూ మనకూ మధ్య తానే నిలిచి గాయములు భరించిన ప్రభువు, మీ మధ్యనున్న ఎడమును బాగుచేయును గాక. ఆమేన్.