ఇంటిదొంగ – కావలికుక్క



కావలికుక్క పరాయివానిని చూచి మొరగును. ఇంటివాడే దొంగయైనచో ఊరకుండును. రాచపుండు, అనగా క్యాన్సరు, అట్టి ఇంటిదొంగ. అది వెలుపలినుండి వచ్చిన సూక్ష్మజీవి కాదు. కట్టుతప్పి పెరిగిన మన కణమే. అంతేకాదు. రక్తమునందలి టి-కణములు మన యవయవములనే కరవకుండుటకై ప్రకృతి వానికి ‘పిడి-1’ వంటి మెడగొలుసులు తగిలించినది. క్యాన్సరు కణము ఆ గొలుసును పట్టి బిగించును. కావలి ఓడుట బలము లేక కాదు, గొలుసు బిగియుటచేత. ఇట్టి గొలుసులను విప్పు మార్గము చూపిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో పండితులకు 2018లో నోబెల్ బహుమానము లభించినది.

ఈ శాస్త్రమున తెలుగు ఆడపడుచు కన్నెగంటి తిరుమలాదేవి పేరు చెప్పక తీరదు. (ఆ యింటిపేరు వినగానే పల్నాటివారికి 1922 నాటి అడవి సత్యాగ్రహమున నేలకొరగిన హనుమంతు గుర్తుకు వచ్చుట సహజము.) ఉస్మానియాలో డాక్టరేటు పొంది, 2007 నుండి అమెరికాలో మెంఫిస్ నగరమందలి సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రిలో పరిశోధన సాగించిన ఈమె, కణము చచ్చు తీరును శోధించినది. కొన్ని కణములు సద్దుచేయక రాలిపోవును. కొన్ని పగిలి, కావలిని మేల్కొలుపుచు చచ్చును. మూడు విధముల చావుల లక్షణములు కలిసిన యొకదానికి ‘పానాప్టోసిస్’ అని పేరిడినది. 2021లో ఆమె బృందము ఇంటర్‌ఫెరానుకు మరియొక మందు జోడించి, ఎలుకలలో మెలనోమా అను చర్మపు క్యాన్సరు గడ్డలను కుదించినది. ఎలుకలలో జరిగినదెల్ల మనుష్యులలో జరుగదు.

గొలుసు విప్పిన కుక్క ఒక్కొక్కప్పుడు ఇంటివారినే కరచును. ప్రేవులు, ఊపిరితిత్తులు, థైరాయిడు గ్రంథి వాచును. కొందరికి గడ్డ కరగిపోగా, పలువురికి మందు పనిచేయనే చేయదు. బలము పెంచునని సంతలో అమ్ము చూర్ణములు మాత్రము ఏ గొలుసును విప్పజాలవు. వానిని నమ్మి గడపిన నెలలలో గడ్డ పెరుగుచునే యుండును.