గట్టి గింజ మండీకి, బూజు గింజ మన చట్నీకా?

(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయినసారి ధర గురించి, బీమా గురించి మాట్లాడుకున్నాం. ఈసారి నన్ను బూజు గురించి చెప్పమన్నారు. బూజు గురించి చెప్పేదేముంది, ఎప్పుడూ ఉండేదే కదా అని ఒకప్పుడు నేనూ అనుకున్నవాడినే. మూడేళ్ల కిందట నా వేరుశనగ మండీకి తోలితే, వ్యాపారి గుప్పెడు కాయలు ఒలిచి, అరచేతిలో రెండు పచ్చబూజు గింజలు చూపించి క్వింటాలుకు నాలుగు వందలు కోశాడు. గొడవ పడ్డాను. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. కానీ ఇంటికొచ్చాక ఇంకొకటి కళ్లబడింది. విత్తనానికి ఒలిచినప్పుడు మా ఆడవాళ్లు ఏరి పక్కన పెట్టిన నల్లగింజలు, ముడుచుకుపోయిన గింజలు ఒక బుట్టెడు వంటింట్లోనే ఉన్నాయి. పారేయడం ఎందుకని చట్నీకి దాచారు. మండీవాడు వద్దన్న సరుకు మేం తింటున్నాం.

ఈ బూజు పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. అది విడిచే విషం అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చిపోయాయి. ఏం రోగమో తెలియక దానికి ఎక్స్ అని పేరు పెట్టారు. చివరికి తేలిందేమంటే, దాణాలో కలిపిన వేరుశనగ చెక్క. బ్రెజిల్ నుంచి వచ్చిన చెక్క అది. అంటే ఈ విషాన్ని లోకానికి పట్టిచ్చింది మన పంటే. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన పల్లెల్లో అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా చనిపోయారు. పచ్చకామెర్లు వచ్చి, కడుపు నీరు పట్టి పోయారు. ఆ ఇళ్లలో కుక్కలు కూడా చచ్చాయి. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే దాన్ని పరిశోధించారు. వాళ్లు తెలియక తినలేదు. ఇంట్లో వేరే గింజ లేక తిన్నారు.

అలా ఒక్కసారిగా చంపడం అరుదు. మామూలుగా ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కాలేయాన్ని తింటుంది, కాలేయ క్యాన్సర్ తెస్తుంది. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎన్నో రెట్లు. రుచిలో తెలియదు, వాసనలో తెలియదు. వేయిస్తే కొంత తగ్గుతుందేమో గానీ పోదు. బూజు తుడిచేసినా లోపలి విషం ఉంటుంది.

మన దేశంలో చట్టం పెట్టిన హద్దు ఇంకా శుద్ధి చేయాల్సిన వేరుశనగకు కిలోకు 15 మైక్రోగ్రాములు. నేరుగా తినేదానికి 10. యూరప్ వాళ్లు నేరుగా తినేదానికి 4 దాటనివ్వరు. 15 అంటే పది క్వింటాళ్ల పప్పులో 15 మిల్లీగ్రాములు, చిటికెడు ఉప్పు కంటే ఎంతో తక్కువ. పైగా ఇది అన్ని గింజల్లో సమానంగా ఉండదు. వంద గింజలు శుభ్రంగా ఉండి, ఒక్క గింజలో బస్తా మొత్తాన్ని చెడగొట్టేంత ఉండొచ్చు. కాబట్టి ఒక గుప్పెడు చూసి బాగుందన్నా, బాగాలేదన్నా రెండూ నమ్మదగ్గవి కావు. మండీలో ఇది గట్టిగా అడగండి.

ఇది ఎక్కడ మొదలవుతుంది? గోదాములో అనుకుంటాం. చేలోనే మొదలవుతుంది. ఈ బూజు మన మట్టిలోనే ఉంటుంది. చెట్టుకు తేమ ఉన్నంతకాలం గింజ తనను తాను కాపాడుకొనే పదార్థాలు తయారు చేసుకుంటుంది, బూజును లోపలికి రానివ్వదు. కాయ ఊరే చివరి నాలుగైదు వారాలు వాన మొహం చాటేసి నేల కాలిందంటే గింజకు ఆ శక్తి పోతుంది. మన అనంతపురం సీమలో సెప్టెంబరు బెట్ట ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? అందుకే ఆ రోజుల్లో ఒక్క తడి ఇవ్వగలిగితే దిగుబడికే కాదు, విషానికీ అడ్డం. కుంటలో నీళ్లుంటే ముందే అవగొట్టకుండా దానికి దాచుకోండి. ఊడలు దిగే వేళకు ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే కాయ పెంకు గట్టిపడుతుంది. ట్రైకోడెర్మా విరిడి రెండు కిలోలు, చివికిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు కలిపి, నీడలో తడుపుతూ రెండు వారాలు మాగబెట్టి తడి నేలలో చల్లండి. చెదలు, వేరుపురుగు కొరికిన కాయే బూజుకు వాకిలి, దాన్ని వదిలిపెట్టొద్దు.

పీకేది ఎప్పుడు? నాలుగు చోట్ల చెట్లు పీకి కాయలు ఒలిచి చూడండి. నూటికి డెబ్బై ఐదు కాయల పెంకు లోపల నల్లబడితే పీకాలి. కూలీలు దొరకలేదని, మిషన్ రాలేదని పదిరోజులు ఆగితే బూజుకు వదిలేసినట్టే. ఇది చెప్పడం తేలికే, అందరూ ఒకేసారి పీకితే కూలీలు ఎక్కడ దొరుకుతారని మీరు అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు. ఒకటి మాత్రం చేయొచ్చు. చేలో ఎండి చచ్చిన చెట్లు, తెగులు వచ్చిన చెట్లు వేరుగా పీకండి, వేరుగా ఎండబెట్టండి. మంచి కాయలో కలపొద్దు.

పీకిన కట్టెను కాయలు పైకి ఉండేట్టు తిరగేసి వరుసల్లో పరచాలి. మనం చేసే తప్పు ఏమంటే, మబ్బు పట్టగానే పచ్చికట్టె వామి వేస్తాం. లోపల ఉడుకెత్తుతుంది. బూజుకు కావాల్సింది అదే. కాయలో తేమ 8 శాతానికి దిగాలి. చేతిలో ఊపితే గలగలమనాలి, గింజ నలిపితే పొర ఊడి రావాలి. బస్తాలు నేలమీద, గోడకు ఆనించి పెట్టొద్దు. కింద కట్టెలు వేసి, గోడకు జానెడు దూరంగా పేర్చండి. ఎరువుల సంచుల్లో కాయలు పోయడం మానండి.

ఇక నీళ్ల సంగతి. ఇది మనం దాచుకొనే మాట కాబట్టి నేనే చెబుతున్నాను. విత్తనానికి కాయ ఒలిచేటప్పుడు పెంకు మెత్తబడాలని నీళ్లు చల్లి మూతపెడతాం. మా అమ్మ చేసేది, నేనూ చేశాను. ఒలిచే మిల్లుల్లోనూ గింజ పగలకుండా కాయ తడుపుతారు, తూకం కోసం తడిపేవాళ్లూ ఉన్నారు. చేలో, కల్లంలో చేసిన కష్టమంతా ఆ ఒక్క చెంబుతో పోతుంది. ఒలవడానికి ముందు కాదు కదా, ఎప్పుడూ తడపకండి. చేతులు నొస్తాయి, నిజమే. ఆ పని ఆడవాళ్లకే వదిలేసి కూర్చోకుండా మనమూ చేయి వేస్తే కొంచెం తక్కువ నొస్తాయి.

పంట పీకాక చేలో మిగిలిన కాయలు కూలీల పిల్లలు, ముసలివాళ్లు పరిగె ఏరుకుంటారు. నేలలో అన్నాళ్లు పడివున్న కాయలో విషం ఎక్కువ. ఏరుకోవద్దని చెప్పడానికి నాకు నోరు రాదు. అందుకే పీకేటప్పుడే జాగ్రత్తగా పీకి, వాళ్లకు కల్లంలోనే మంచి కాయ నాలుగు చేరలు ఇద్దాం. ఏరేసిన గింజలు మిల్లుకు పోతే వాటినీ నూనె ఆడతారు. శుద్ధి చేసిన నూనెలో విషం దాదాపు ఉండదు, పచ్చినూనెలో కొంత ఉంటుంది, ఎక్కువ భాగం చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్క తిన్న బర్రె పాలలో ఆ విషమే కొద్దిగా మారి దిగుతుంది. ఆ పాలు మన మనవళ్లే తాగుతారు. బూజుపట్టిన గింజ మనిషికీ వద్దు, కోడికీ వద్దు, గొడ్డుకూ వద్దు. కాల్చేయండి.

నూనె లెక్క, పాల లెక్క సరే, డబ్బు లెక్క కూడా చెప్పాలి. ఇంత జాగ్రత్త పడి తెచ్చిన కాయకు మండీలో ఒక్క రూపాయి ఎక్కువ ఇచ్చినవాడిని నేను చూడలేదు. తప్పుంటే కోత, మంచి ఉంటే మౌనం. కాయ కోసే ముందు టార్పాలిన్లు రావాలి, వాన పడ్డాక కాదు. యార్డులో కప్పు కింద ఎండబెట్టుకొనే చోటు కావాలి. బూజని ధర తగ్గిస్తే పరీక్ష చేసి కాగితం ఇవ్వాలి. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో తక్కువ ఖర్చుతో చేసే పరీక్ష ఎప్పుడో తయారు చేశారు, అది మన యార్డుకు రావడానికి ఏం అడ్డం? ఈ నాలుగు మాటలతో వినతిపత్రం రాశాం, వెళ్లేముందు సంతకాలు పెట్టండి.

ఇంకొకటి. సంఘం డబ్బుతో తేమ కొలిచే మీటరు ఒకటి కొన్నాం. కార్యదర్శి దగ్గర ఉంటుంది. ఈసారి కాయ బస్తాలకు ఎత్తేముందు ఎవరైనా పట్టుకుపోవచ్చు, అద్దె లేదు. వాడిన రోజే తిరిగి ఇవ్వండి, పక్క ఊరివాళ్లూ అడుగుతున్నారు.