కారు కప్పుపై క్యారియరు

పెండ్లివారి కారును దూరమునుండియే గుర్తింపవచ్చును. కప్పుమీద క్యారియరు, క్యారియరుపై టార్పాలిను, టార్పాలిను అంచునుండి తొంగిచూచు సారె బిందె! 1996 వేసవిలో మేమును అట్లే ఒక పాత అంబాసిడర్‌పై సామాను కట్టించుకొని రాజమహేంద్రవరమునుండి తునికి బయలుదేరితిమి. దారిలో గేదె యొకటి అడ్డము వచ్చెను. డ్రైవరు బ్రేకు నొక్కెను. కారు నిలిచెను, క్యారియరు నిలువలేదు. ఇత్తడి గంగాళముతో సహా ముందుకు జారి బానెట్టుపై పడెను. ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. గేదెయు క్షేమముగానే పోయినది. కాని ఆ గంగాళము ఏ గతుకులోనో వెనుకకు జారియుండినచో, మా వెనుకనే సైకిలుపై వచ్చుచుండిన తండ్రీకొడుకుల గతి యేమను తలంపుతో ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

తప్పు ఎక్కడ జరిగినదో పిమ్మట చూచితిమి. అంబాసిడర్, ఫియట్ వంటి పాత కార్ల కప్పు అంచున వాననీరు పోవుటకు సన్నని రేకు కాలువ యుండెడిది. క్యారియరు కాళ్లను అందులో నిలిపి, క్రిందనుండి కొక్కెములు పట్టించి మరలు బిగించెడివారు. మా మరలను ముందునాటి సాయంకాలము, క్యారియరు ఖాళీగా నుండగా బిగించిరి. బరువు పడి, దారి పొడవున అదరి, అవి వదులైనవి. తిరిగి చూచినవారము లేము.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగినది. నేటి కార్లకు ఆ కాలువ సాధారణముగా కానరాదు. కనుక క్యారియరు కొనుటకు ముందు కప్పును చూడవలెను. కొన్నింటికి ఇరువైపుల పొడవునా రెయిళ్లుండును. వానిని చూచి వెంటనే సంతోషింపరాదు. కేవలము అలంకారమునకై అతికించిన రెయిళ్లును కలవు. అవి బరువు మోయునో లేదో కారుతో ఇచ్చిన పుస్తకములో చూచుకొనవలెను. రెయిళ్లు లేనిచో తలుపుల చట్రమునకు కొక్కెములు తగిలించు రకము దొరకును. ఆ కొక్కెము మన కారు మోడలుకే చేసినదై యుండవలెను. “సరిపోవును లెండి” అను అంగడివాని మాట చాలదు.

కప్పు ఎంత బరువు మోయునో ఆ పుస్తకమే చెప్పును. అది 50 కిలోలనుకొందము. క్యారియరు బరువును అందులోనిదే. ఇనుప క్యారియరు 15 కిలోలు తూగినచో మిగిలినవి 35. ఒక బియ్యపు బస్తా, ఒక ట్రంకు పెట్టెతో ఆ లెక్క దాటిపోవును. నిలిపిన కారు కప్పు ఇంతకంటె ఎక్కువయే మోయగలదు. పరుగెత్తునప్పటి సంగతి వేరు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు 30 కిలోల మూట 20 కిలోలకు పైబడిన బలముతో ముందుకు త్రోయును. మలుపులలో ఎత్తుననున్న బరువు కారును ప్రక్కకు ఒరగించును. ఇక గాలి: గంటకు 40 కిలోమీటర్ల వేగమును 80 చేసినచో దాని త్రోపు రెండింతలు కాదు, నాలుగింతలగును. కావున బరువైనవి డిక్కీలోను, పరుపులు, దుప్పట్లు పైనను ఉండవలెను. గంగాళములను పైకెక్కించు ఆచారము మాకెన్నడును బోధపడలేదు, ఊరివారు చూడవలెననియేమో!

బిగించునపుడు కప్పుపైని దుమ్మును, రబ్బరు మెత్తలను శుభ్రముగా తుడువవలెను. ఇసుక రేణువు లున్నచో రంగు గీసికొనిపోవును. నాలుగు మరలను వంతులవారీగా, కొంచెము కొంచెముగా త్రిప్పవలెను. ఒకదానిని పూర్తిగా బిగించి రెండవదానికి పోయినచో క్యారియరు వంకరగా కూర్చుండును. పిమ్మట దానిని రెండు చేతుల పట్టుకొని ఊపి చూడవలెను: కారు ఊగవలెను గాని క్యారియరు కదలరాదు.

సామాను కట్టిన తరువాత ముప్పది కిలోమీటర్లు పోయి, ఆగి, మరలను తాళ్లను మరల ఒకసారి చూడవలెను. కాఫీకై ఎట్లును దిగుదురు గదా! స్పానరు మాత్రము డిక్కీలో, సామాను అడుగున కాక, ముందు సీటు క్రింద చేతికందునట్లు ఉంచుకొనుడు.