షికాగోలో నాలుగు రోజులు, ఇద్దరికీ సరిపడేలా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల సందర్భంగా హార్స్లీ హిల్స్‌లో జరిగిన కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం విని మీలో కొందరు నవ్వుకునే ఉంటారు. గురువులకు సన్మానం, బడికి కొత్త గదులు, పాత జ్ఞాపకాలు, వీటి మధ్య "అమెరికా నగరంలో దంపతుల విహారయాత్ర" ఏమిటని! అయితే నిన్న రాత్రి భోజనాల దగ్గర ఒక సంగతి తేలింది. మా బ్యాచ్‌లో సగానికి పైగా ఇళ్లలో కొడుకో కూతురో అమెరికాలో ఉన్నారు. చాలామంది ఒకసారైనా వెళ్లొచ్చారు. "ఏం చూసినారు?" అని అడిగితే మాత్రం అందరి జవాబూ ఒకటే. పిల్లల ఇల్లు, మనవడి ఉయ్యాల, వారానికోసారి సూపర్ మార్కెట్టు, నెలకోసారి గుడి. సెలవు దొరికితే కారులో ఎక్కించి తిప్పిన నయాగరా. ఆరు నెలలు ఉండొచ్చి కూడా, ఒక ఊరిని భార్యాభర్తలిద్దరూ తీరిగ్గా నడిచి చూశామన్నవాళ్లు ఒకరిద్దరే.

నేనూ మా ఆవిడా పోయిన సెప్టెంబరులో షికాగో నగరాన్ని నాలుగు రోజులు అలా చూశాం. ఎలా ఏర్పాటు చేసుకున్నామో చెప్పమన్నారు. చెబుతాను. అంతకంటే ముందు, ఎందుకు వాయిదా వేయకూడదో చెప్పాలి.

మన మధ్యనే కూర్చున్న ఒక మిత్రుడు అనుమతించాడు కాబట్టి, పేరు లేకుండా చెబుతున్నాను. ఆయన, ఆయన భార్య ఇద్దరూ ఉద్యోగస్తులే. పిల్లల చదువులు, ఇల్లు, పెళ్లిళ్లు అయ్యాక, రిటైరయ్యాక చూద్దాంలే అనుకున్నారు. పాస్‌పోర్టులు చేయించారు, వీసాలూ వచ్చాయి. ఆమె పాస్‌పోర్టు మీద ఒక్క ముద్ర కూడా పడలేదు. ఆ ఏడాదే ఆమె వెళ్లిపోయింది. "టికెట్టు డబ్బులు ఎప్పుడూ ఉన్నాయిరా, తేదీ పెట్టుకోలేదంతే" అన్నాడు. ఆ మాట విన్న వారంలోనే మేం తేదీ పెట్టుకున్నాం.

షికాగోనే ఎందుకంటే, మా అమ్మాయి ఆ నగరానికి పడమట అరోరాలో ఉంటోంది. కానీ మదనపల్లె వాళ్లకు షికాగో పరాయి ఊరేమీ కాదు. 1915లో మన ఊళ్లో కాలేజీ పెట్టిన అనీబిసెంటమ్మ, 1893లో షికాగో సర్వమత మహాసభలో దివ్యజ్ఞాన సమాజం తరఫున మాట్లాడింది. వివేకానందుడు మాట్లాడింది ఆ సభలోనే. 1919లో బిసెంట్ కాలేజీలో ఉండి జనగణమనను ఇంగ్లీషు చేసిన టాగూరు కవితలను, అంతకు ఏడేళ్ల ముందు, 1912 డిసెంబరులో, అచ్చువేసిన 'పొయట్రీ' పత్రిక కూడా షికాగోదే. మన బడి పిల్లలు చదువుకున్న చరిత్రలో సగం ఆ ఊరి వీధుల్లోంచి నడిచి వచ్చిందే.

ఇక ఏర్పాట్లు. మొదటి పని టికెట్లు కాదు, హోటలు కాదు. రెండు కాగితాలు. ఆమె ఒకటి, నేనొకటి తీసుకుని, ఒకరిది ఒకరు చూడకుండా, చూడాలనుకున్నవి ఐదేసి రాశాం. నేను కాలువల పనుల్లో బతికినవాణ్ణి. నా కాగితంలో నది, వంతెనలు, ఎత్తైన కట్టడాలు. ఆమె కాగితంలో వివేకానందుడు మాట్లాడిన చోటు, సరస్సు ఒడ్డు, పూలతోట. ఐదో అంకె పక్కన "ఏ పనీ లేకుండా కూర్చోవడం" అని రాసింది. రెండింటిలోనూ ఉన్నది సరస్సు ఒక్కటే. ముప్పై ఏళ్లు కాపురం చేసినవాళ్లం కదా, ఒకరి మనసు ఒకరికి తెలుసనుకుంటాం. ఆ కాగితాలు పక్కపక్కన పెడితేగానీ తెలియదు. ఒక్కొక్కరివి రెండేసి, ఉమ్మడిది ఒకటి, మొత్తం ఐదు ఖాయం చేసుకున్నాం. మిగిలినవి కొట్టేశాం.

అంతలో అమ్మాయి, "ఎందుకు నాన్నా అంత శ్రమ? ఒక శనివారం కారులో అన్నీ చూపించేస్తాం" అంది. ప్రేమతోనే అంది. కానీ ఈ కొండనే చూడండి. శనాదివారాల్లో బెంగళూరు నుంచి కార్లు వస్తాయి. వ్యూ పాయింటు, యూకలిప్టస్ మాను, గాలిబండ దగ్గర నాలుగు ఫోటోలు, భోజనం, మూడింటికల్లా దిగిపోతారు. హార్స్లీ హిల్స్ చూశామనే చెబుతారు. మన అవ్వలు ఏనుగు మల్లమ్మ కొండ అని పిలిచిన ఈ కొండ ఏమిటో, పొద్దుగూకే వేళ గాలిబండ మీద ఒక గంట కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. షికాగోకు 'గాలి నగరం' అని పేరు. దానికీ ఇదే సూత్రం.

రెండో పని కాలం చూసుకోవడం. షికాగో చలి మన మదనపల్లె చలి కాదు, జనవరిలో సున్నాకు చాలా కిందికి పోతుంది. మే చివరి నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా మనవాళ్లకు అనుకూలం. సెప్టెంబరులో ఈ కొండ మీద ఉన్నట్టే ఉంటుంది. దిగగానే ఊరు చూడబోకండి. వేసవిలో అక్కడికీ మనకూ పదిన్నర గంటల తేడా. వారం రోజులు పిల్లల దగ్గర నిద్ర సరిచేసుకుని అప్పుడు బయల్దేరండి.

మూడో పని మోకాళ్ల లెక్క. ఇంజినీర్లం ఏ కట్టడానికైనా బలహీనమైన చోటును బట్టి బరువు నిర్ణయిస్తాం. యాత్రకూ అంతే. ఇద్దరిలో ఎవరు తక్కువ నడవగలరో వాళ్ల నడకే కొలత. మా ఆవిడ ఒక పూట రెండు కిలోమీటర్లు హాయిగా నడుస్తుంది. అందుకే పొద్దున ఒక పెద్ద చోటు, మధ్యాహ్నం గదిలో విశ్రాంతి, సాయంత్రం ఒక చిన్న చోటు. అందుకోసమే గది నగరం నడిబొడ్డున, 'లూప్' అనే ప్రాంతంలో తీసుకున్నాం. శివార్లలో అద్దె తక్కువే, కానీ మధ్యాహ్నం గదికి తిరిగి రాలేం. గది అద్దె చూసేటప్పుడు దాని మీద పన్ను కూడా ఉంటుందని, హోటల్లో కూర్చుని తింటే బిల్లులో ఐదో వంతు దాకా టిప్పు ఇవ్వాలని ముందే లెక్కలో వేసుకోండి. గదిలో చిన్న పొయ్యి, ఫ్రిజ్ ఉంటే మన అన్నం మనం వండుకోవచ్చు. పొడులు, పచ్చళ్లు పెద్ద పెట్టెలో పెట్టి, విమానాశ్రయంలో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మందులు మాత్రం డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే ఉండాలి. ఆరోగ్య బీమా లేకుండా విమానం ఎక్కొద్దు.

ఇప్పుడు ఆ నాలుగు రోజులు.

మొదటి రోజు అరోరా నుంచి 'మెట్రా' రైలెక్కి యూనియన్ స్టేషన్‌లో దిగాం. కారు లేదు, పార్కింగు బాధ లేదు. సాయంత్రం మిలీనియం పార్కు. అక్కడ చిక్కుడు గింజలా మెరిసే పెద్ద ఉక్కు శిల్పాన్ని చేసింది ముంబైలో పుట్టిన అనీష్ కపూర్. 168 ఉక్కు పలకలు, ఎక్కడా అతుకు కనిపించదు. చూడటానికి టికెట్టు లేదు.

రెండో రోజు పొద్దున నది మీద పడవ, గంటన్నర. నడవనక్కర్లేదు, కూర్చునే ఊరంతా చూడొచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇంతకంటే మంచిది లేదు. ఒకప్పుడు ఆ నది ఊరి మురికినంతా సరస్సులోకి మోసుకుపోయేది. ఊరు తాగేదీ ఆ సరస్సు నీళ్లే. అందుకని 45 కిలోమీటర్ల కాలువ తవ్వి, 1900లో నది ప్రవాహాన్నే వెనక్కి తిప్పారు. శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లను ఎత్తిపోసుకుంటూ పుంగనూరు, కుప్పం కాలువల దాకా తెచ్చుకున్న మనకు ఆ కష్టం అర్థమవుతుంది. వాళ్లు పంపులతో ఎత్తలేదు, కాలువను లోతుగా తవ్వి వాలు మార్చారు. నేను ఉత్సాహంగా ఇదంతా వివరిస్తుంటే ఆమె, "నదినే వెనక్కి తిప్పినారంట, మిమ్మల్ని ఒక్క ఆదివారం సైటు నుంచి ఇంటికి తిప్పలేకపోతిని" అంది. పక్క సీట్లో ఎవరో తెలుగువాళ్లు ఫక్కున నవ్వారు.

మూడో రోజు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. 1893 మహాసభ జరిగిన భవనం అదే. ఎదుటి మిషిగన్ అవెన్యూలో కొంత భాగానికి వివేకానందుడి పేరు పెట్టారు. ఆ మ్యూజియానికి వారంలో కొన్ని రోజులు సెలవు, తేదీలు ఖాయం చేసే ముందే చూసుకోండి. లోపల అన్నీ చూడాలంటే వారం చాలదు. మా ఆవిడ కింది అంతస్తులో 68 బుల్లి గదుల దగ్గర ఆగిపోయింది. పాతకాలపు యూరపు, అమెరికా ఇళ్లను కుర్చీలు, దీపాలు, తివాచీలతో సహా అంగుళాల కొలతల్లో చేసి పెట్టారు. "ఇది దొరల బొమ్మల కొలువు" అంటూ గంటన్నర చూసింది. నేను గడియారం చూడలేదు. ఆ రోజు ఆమె కాగితానిది.

సాయంత్రం నా కాగితానిది, విల్లిస్ టవర్. 110 అంతస్తులు, 442 మీటర్లు. 1998 దాకా ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనం. దాని నిర్మాణాన్ని రూపొందించినవాడు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహమాన్ ఖాన్. తొమ్మిది చదరపు గొట్టాలను కట్టగా కట్టినట్టు నిలబెట్టాడు. ఒక్కొక్కటి ఒంటరిగా గాలికి ఊగేదే, కలిసి ఉండబట్టి నిలిచాయి. 103వ అంతస్తు నుంచి చూడొచ్చు. ఒక సలహా: ఈ టికెట్టు మరీ ముందుగా కొనకండి. మబ్బు పడితే పైన తెల్లటి గోడ తప్ప ఏమీ ఉండదు. ఆకాశం చూసి ఆ ముందురోజు కొనండి.

నాలుగో రోజును ఖాళీగా వదిలేశాం. ఏర్పాట్లన్నిటిలోకీ నాకు నచ్చిన ఏర్పాటు అదే. అడిగితే మళ్లీ సరస్సు దగ్గరికే వెళ్దామంది. అవతలి గట్టు కనిపించని నీళ్లు. మూడు గంటలు కూర్చున్నాం. పెళ్లయిన కొత్తలో పుంగనూరులో అద్దెకున్న ఇల్లు, అమ్మాయికి జ్వరం వచ్చిన రాత్రి, ఇన్నేళ్లూ ఆమె నాకు చెప్పకుండా మోసిన రెండు మూడు సంగతులు, అన్నీ అక్కడే బయటికొచ్చాయి. ఇంట్లో ఉంటే ఫోను మోగుతుంది, కుక్కర్ కూత పెడుతుంది, ఎవరో ఒకరు తలుపు తడతారు.

మిత్రులారా, షికాగోనే కానక్కర్లేదు. మీ పిల్లలు ఏ ఊళ్లో ఉంటే దానికి దగ్గరి నగరం చాలు. అమెరికా వెళ్లే వీలు లేకపోతే ఈ కొండ మీదే రెండు రాత్రులు గది తీసుకోండి. రెండు కాగితాలు, తక్కువ నడిచేవాళ్ల కొలత, ఒక ఖాళీ రోజు, ఇవి ఎక్కడైనా పనిచేస్తాయి.

ఈ సావనీరు విదేశాల్లో ఉన్న మన కుర్ర పూర్వ విద్యార్థుల చేతికీ వెళ్తుంది. వాళ్లకొక మాట. అమ్మానాన్నలను పిలిపించుకున్నప్పుడు నాలుగు రోజులు వాళ్లిద్దరికీ వదిలిపెట్టండి. మీరు వెంట ఉండి తిప్పొద్దు. రైలెక్కించి, ఫోన్లో మ్యాపు నేర్పించి పంపండి. ఇంగ్లీషు రాదని భయపడొద్దు. మన గురువులు నేర్పిన ఇంగ్లీషుతో మేం నాలుగు రోజులు నెగ్గుకొచ్చాం.

భోజనాల వేళయింది, ఇక సెలవు. మధ్యాహ్నం తర్వాత కార్యక్రమాలేవీ లేవని కార్యదర్శి గారు చెప్పారు. గాలిబండ ఇక్కడికి దగ్గరే. ఎవరి జంటతో వాళ్లు వెళ్లిరండి.