బండికీ ఊపిరి కావాలి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. నాకు అప్పగించిన విషయం వేరు. "మనవాళ్ల ఇళ్లలో పెద్ద బండ్లు ఎక్కువయ్యాయి. కొడుకులు కొంటున్నారు, మనుమలు నడుపుతున్నారు. రిపేరు బిల్లు వస్తే మాత్రం అందరూ మన పెన్షన్ వైపు చూస్తున్నారు. దాని గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు కార్యదర్శి గారు.

నేను మెకానిక్కును కాను, గుమాస్తాను. అయితే సమితి ఆఫీసులో జీపు లాగ్ బుక్కు నా చేతి మీదుగానే నడిచేది. ఆనాటి జీపులకు ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఉండేది. లోపలికి వచ్చే గాలి గిన్నెలోని నూనెను తాకి, దుమ్మును అక్కడే వదిలి ఇంజన్‌లోకి పోయేది. వేసవి క్యాంపులు ముగియగానే మా డ్రైవరు ఆ గిన్నె విప్పి, అడుగున పేరుకున్న బురద తీసి, కొత్త నూనె పోసేవాడు. ఇప్పటి బండ్లలో నూనె గిన్నె పోయి కాగితపు ఫిల్టరు వచ్చింది. పని మాత్రం అదే.

ఆ పని ఎంత పెద్దదో చూడండి. ఒక లీటరు డీజిల్ కాలడానికి కనీసం 10,000 లీటర్ల గాలి కావాలి. 60 లీటర్ల ట్యాంకు ఖాళీ అయ్యేసరికి 6 లక్షల లీటర్ల గాలి ఆ ఫిల్టరు గుండా పోవాలి. మన రోడ్ల దుమ్మంతా ఆపవలసింది అదొక్కటే.

ఈ మధ్య మా మనుమడు ఇంట్లో ఉన్న స్కార్పియోకు ఓపెన్ ఫిల్టరు పెట్టిస్తానని పట్టుబట్టాడు. "తాతయ్యా, బండి లాగడం లేదు, నల్లపొగ వస్తోంది. కంపెనీ డబ్బా తీసేసి ఇది బిగిస్తే గాలి ధారాళంగా పోతుంది, పవర్ పెరుగుతుంది" అన్నాడు. "ముందు ఉన్న డబ్బా విప్పు నాయనా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను. విప్పితే ఏముంది! ఫిల్టరు మడతల నిండా మట్టి, మూల వేపాకులు, ఎలుక తెచ్చి పెట్టిన దూది. కొత్త ఫిల్టరు కొన్ని వందల రూపాయలతో వచ్చింది. పొగ తగ్గింది, లాగుడు వచ్చింది. మావాడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గాని, ఆ కొనుగోలు మాత్రం వాయిదా పడింది.

ఓపెన్ ఫిల్టరు సంగతి కూడా చెబుతాను. కంపెనీ డబ్బా బండి ముందు వైపు నుంచి చల్లటి గాలిని తీసుకుంటుంది. బానెట్ కింద తెరిచి పెట్టిన ఫిల్టరు ఇంజన్ వేడి గాలినే పీలుస్తుంది. వేడి గాలి పలచన, అందులో ప్రాణవాయువు తక్కువ. చప్పుడు పెరుగుతుంది, ఆ చప్పుడునే పిల్లలు పవర్ అనుకుంటారు. నూనె పూసిన గుడ్డ ఫిల్టరు అయితే, నూనె ఎక్కువైనప్పుడు అది గాలిని కొలిచే సెన్సారుకు అంటి లెక్క తప్పిస్తుంది. దుమ్ము జారిపోతే టర్బో రెక్కలు, పిస్టన్ రింగులు అరిగి, బండి ఇంజన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. అప్పుడు బిల్లు వందల్లో ఉండదు.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిలో చేసే మార్పులకు హద్దులు పెట్టింది. 2019 సవరణతో వచ్చిన 182-ఎ సెక్షను ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. మనం కాగితం మీద బతికినవాళ్లం. ఏ మార్పు చేయాలన్నా ముందు రవాణా శాఖ వారిని అడగండి. వారంటీ ఉంటే కంపెనీ వారినీ అడగండి.

ఇంట్లో చేసుకోదగిన పని ఇది:

1. ఇంజన్ ఆపి, చల్లారాకనే బానెట్ ఎత్తండి. క్లిప్పులు విప్పి ఫిల్టరు తీయండి.

2. కాగితపు ఫిల్టరును నీళ్లతో కడగవద్దు. పంక్చరు షాపు గాలి గట్టిగా కొట్టించవద్దు, కంటికి కనపడని చిరుగులు పడతాయి. మెల్లగా తట్టి దులపండి. మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లకు మార్చండి. మట్టి రోడ్లలో తిరిగే బండికి అంతకంటే ముందే మార్చండి.

3. ఇంజన్ వైపు గొట్టానికి శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టి, డబ్బాను తడిగుడ్డతో తుడవండి. మూసేముందు అడ్డం పెట్టిన గుడ్డ తీయడం మరవవద్దు.

4. రబ్బరు అంచు, అన్ని క్లిప్పులు, డబ్బా నుంచి టర్బోకు పోయే గొట్టం, దాని బిగింపులు చూడండి. అక్కడ పగులుంటే ఫిల్టరు ఎంత మంచిదైనా దుమ్ము దొడ్డిదారిన పోతుంది.

5. తేదీ, కిలోమీటర్లు పుస్తకంలో రాయండి.

ఇక నీటి సంగతి. 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోను ఎన్ని కార్లు మునిగాయో చూశాం. గాలిని నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. గాలి గొట్టంలోకి నీరు పోయిన బండిని స్టార్టు చేస్తే పిస్టన్ ఆ నీటిని గుద్దుకుని కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. కాబట్టి నీట మునిగిన బండికి తాళం తిప్పకండి, తోయించి లేదా ఎత్తించి తీసుకుపోండి. ఇంజన్‌కు ప్రత్యేకంగా రక్షణ కవరు తీసుకోకపోతే ఇలాంటి నష్టానికి బీమా వారు డబ్బివ్వకపోవచ్చు. ఈసారి రెన్యువల్ నాడు అడిగి తెలుసుకోండి.

గాలి గొట్టాన్ని టాపు దాకా ఎత్తే స్నార్కెల్ అడగని కుర్రవాడు లేడు. అది గాలి పీల్చే నోటిని పైకి ఎత్తుతుంది, ఆ మాట నిజమే. కాని కింద ఒక్క అతుకు వదులైనా ఫలం లేదు. పైగా తలుపుల్లోంచి వచ్చే నీరు, తడిసే వైర్లు, బండినే తోసుకుపోయే వరద, వీటిని అది ఆపలేదు. మనవాళ్లు దాన్ని చూసుకుని వాగులోకి దిగుతారేమో అన్నదే నా భయం. ఇంజన్ పోతే కొనుక్కోవచ్చు. బండిలో కూర్చునేది మన పిల్లలు.

అందుచేత వచ్చే ఆదివారం మనుమడినో మనుమరాలినో పిలిచి, బానెట్ ఎత్తించి, ఆ డబ్బా విప్పించండి. స్క్రూడ్రైవరు వాళ్ల చేతిలో ఉండాలి, పుస్తకం మన చేతిలో ఉండాలి.

భోజనాల వేళయింది. సెలవు.