దినప్రమాణపు తరంగము

పంచాంగమున ప్రతిదినమునకును దినప్రమాణము వ్రాయబడి యుండును. ముహూర్తమునకై దానిని చూచువారే గాని, ఆ యంకెలు ఏడాది పొడవునను ఏ రీతిని నడచుచున్నవో పరికించువా రరుదు.

పలకపై నొక అడ్డగీత గీచి, దానిపై సంవత్సరపు దినములను గుర్తింపుడు. ఆ గీతను 30 ఘడియలుగా నెంచి, పగలు దానికి మించినంత పైకిని, తగ్గినంత క్రిందికిని చుక్కలుంచి కలుపుడు. కొల్లేటి నీటిపై లేచు అలవంటి రేఖ యేర్పడును. అది దాదాపుగా జ్యారేఖయే. ఆర్యభటుడు 24 జ్యలను పట్టికగా కూర్చినది గ్రహగణితమున ఇట్టి లెక్కలకే గదా!

ఈ యలను గీయుటకు మూడు సంగతులు తెలిసిన చాలును. మొదటిది అల యెత్తు. నేటి పుస్తకములలో దీనిని కంపనపరిమితి యందురు. మా పెంటపాటిలో నది రెండున్నర ఘడియలు. అనగా పెద్దపగలు ముప్పదిరెండున్నర, చిన్నపగలు ఇరువదియేడున్నర. కాశిలో నీ యెత్తు సుమారు నాలుగు ఘడియలు. రెండవది ఆవర్తనకాలము, అల తిరిగి మొదటికి వచ్చు కాలము. అది 365 దినముల చిల్లర. పెంటపాటికిని కాశికిని ఒక్కటే.

అల సమముగా లేవదు. విషువద్దినమున మధ్యాహ్నము పండ్రెండంగుళముల శంకువు నీడ మా యూర మూడున్నర అంగుళములకు కొంచెము మించును. దీనినే పలభ యందురు. పూర్వులు దానిని 10, 8, మూడింట పది, వీనిచే గుణించి చరఖండలు సాధించిరి. పగలు మొదటినెల మిక్కిలి పెరుగును, మూడవనెల పెరుగుదల నామమాత్రము. జ్యారేఖ వంపంతయు నా మూడంకెలలోనే యున్నది.

మూడవది దశాభేదము, అల యెచ్చట మొదలగునను విషయము. పెద్దలు చిక్కుపడునది యిచ్చటనే. పగలు రాత్రి సమమగునది మార్చి 21 ప్రాంతమున. మేషసంక్రమణము ఏప్రిల్ 14 ప్రాంతమున. ఈ 24 దినముల యెడము అయనచలనముచే గలిగినది. సంక్రమణమునుండి అల నారంభించినచో నాటి పగటిలో ఘడియ, సూర్యోదయమున అరఘడియ తప్పును. అరఘడియ యనగా 12 నిమిషములు. సుముహూర్తమునకు చూచు నవాంశ సగటున 13 నిమిషములే! ఉదయాది ఘడియలతో ముహూర్తము కట్టువారు సాయనరవినే గ్రహింపవలెను.

మకరసంక్రాంతినాటి సంగతియు నిట్టిదే. పగలు పెరుగుట డిసెంబరు 22 ప్రాంతముననే మొదలగును. భోగిమంటలు వేయునప్పటికే ఐదారు నిమిషములు పెరిగి యుండును.