రూపమును కొలిచిన రావుగారు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేటి ఉదయము గుమ్మములకు మామిడి తోరణములు కట్టుకొన్నాము. ఒకే చెట్టు ఆకులైనను ఏ రెండును ఒక్కటిగా ఉండవు. అయినను అవి మామిడాకులే అని పసిపిల్లవాడు కూడ చెప్పగలడు. ఆ పిల్లవాని కంటికి తెలిసినదానిని అంకెలలో చెప్పుట ఎట్లు? జీవుల రూపమును కొలుచు శాస్త్రము పని ఇదియే. ఈ శాస్త్రమునకు మహోపకారము చేసినవారు మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు.

ఆయన 1920 సెప్టెంబరు 10న నేటి కర్ణాటకలోని హడగలిలో ఒక తెలుగింట జన్మించిరి. తండ్రిగారిది పోలీసు ఉద్యోగము. ఊరు మారినకొలది బడి మారినది. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, దీపము వెలిగించి చదివించిన తల్లి లక్ష్మీకాంతమ్మగారిని ఆయన తన గ్రంథమున కృతజ్ఞతతో స్మరించిరి. వాల్తేరులో గణితము చదివి, 1941లో కలకత్తాలో మహలనోబిస్ గారి సంస్థలో చేరిరి.

పొడవైనవానికి సాధారణముగా చేతులును పొడవుగానే ఉండును. ఎత్తులోని భేదమును, చేతిలోని భేదమును విడివిడిగా కూడినచో ఒకే భేదమును రెండుమార్లు లెక్కించినట్లగును. 1936లో మహలనోబిస్ గారు ఈ చిక్కును తీర్చి, అనేక కొలతలను కలిపి రెండు సమూహముల మధ్య దూరము కనుగొను సూత్రము నిచ్చిరి. 1946లో రావుగారు కేంబ్రిడ్జి చేరి, సూడాను దేశపు జెబెల్ మోయా త్రవ్వకములలో దొరికిన ప్రాచీన మానవుల అస్థికలను ఆ పద్ధతిని పరిశీలించిరి. 1948లో అచ్చటనే డాక్టరేటు పొందిరి.

ఇందులో మనమందరము గ్రహింపవలసిన నీతి యొకటి కలదు. 1891లో రిస్లీ దొర ముక్కు వెడల్పునుబట్టి మన కులముల హెచ్చుతగ్గులు నిర్ణయింపవచ్చునని వ్రాసెను. మహలనోబిస్ గారి సూత్రము చెప్పునది దూరము మాత్రమే. గుంతకల్లు నుండి హుబ్బళ్ళి ఎంత దూరమో, హుబ్బళ్ళి నుండి గుంతకల్లు అంతే దూరము. అందులో ఏ ఊరు గొప్పదో తెలియదు గదా!

డెబ్బది ఐదేండ్లు దాటిన పిదప కూడ రావుగారు ఈ విషయమును విడువలేదు. ఫొటోను పెద్దది చేసినను, ప్రక్కకు త్రిప్పినను ముఖము మారదు. అట్లు మారని రూపమును గుర్తుబిందువుల సాయమున లెక్కించు పద్ధతులను 1996లో, మరల 1998లో సహచరునితో కలిసి ప్రకటించిరి.

సన్మానములకు కొదువ లేదు. 1967లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 2001లో పద్మవిభూషణ్, 2002లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకము లభించినవి. 1945లో వ్రాసిన వ్యాసమునకు 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానము వచ్చినది. ఇరువదినాలుగేండ్ల వయసున చేసిన పనికి నూట రెండవ యేట గుర్తింపు! ఆ యేడే ఆగస్టు 22న ఆయన కీర్తిశేషులైరి.

మన సంఘము పాటకు, పద్యమునకు, వక్తృత్వమునకు బహుమతు లిచ్చుచున్నది. సంతోషము. వచ్చే ఉగాదికి మరియొక బహుమతి ఏర్పాటు చేయవలెనని నా మనవి. ఒక చెట్టు ఆకులు నూరింటిని కొలిచి, పొడవు వెడల్పులను నోటుబుక్కులో శ్రద్ధగా వ్రాసి తెచ్చిన బాలునకో బాలికకో అది చెందవలెను. ఖర్చు స్వల్పము. పిల్లలను తెల్లవారుజామున లేపు బాధ్యత మాత్రము తల్లులదే కాదు, తండ్రులది కూడ.